యాట కోసం నాలుగు శుక్రవారాలు

మొదటి శుక్రవారం తెల్లవారకముందు, మేం పనికొచ్చిన అరబ్బు దేశంలో, బహ్లా ఊళ్లోని మా రూమ్‌లో ఉన్నవాళ్లం నలుగురం. రాతి కట్టుబడి, సిమెంటు పని రెండూ తెలిసిన మేస్త్రి; జగిత్యాల వైపు మనిషి, అందరిలోకి పెద్ద. కంపెనీ పికప్ నడిపే డ్రైవరన్న, నిజామాబాద్ వైపు. ఊరి బయట ఖర్జూరం తోటలో పనిచేసే తోటన్న. వాళ్లింట్లో తాతల నాటి నుంచి గొర్రెలూ మేకలూ కాసేవాళ్లే. నేనేమో మేస్త్రి, డ్రైవరన్న పనిచేసే కంపెనీలోనే సర్వేయరును, గోదావరి జిల్లా వాణ్ణి, అందరిలోకి చిన్న. ఉన్న వస్తువులు: నా ల్యాప్‌టాప్, అందులో కొండ ఉపగ్రహ చిత్రం, రెండు నైలాన్ తాళ్లు, పన్నెండు నీళ్ల సీసాలు, ఒక గోనె సంచి, తోటలోంచి కోసుకొచ్చిన పచ్చగడ్డి కట్ట, సైట్‌లో వేసుకునే మెరుపు జాకెట్లు నాలుగు, ఫ్లాస్కులో టీ. లేనిది మేకపోతు.

మేకపోతు సంగతి ముందు చెప్పాలి. ఎండాకాలం చివర్లో మేస్త్రి భార్యకు ఊళ్లో గర్భసంచి ఆపరేషన్ జరిగింది. ఆయనకు లీవు దొరకలేదు. ఆమెను ఆపరేషన్ గదిలోకి తీసుకుపోయారని తమ్ముడు ఫోన్ చేసినప్పుడు ఆయన సైట్‌లో స్లాబ్ మీద ఉన్నాడు. అక్కడే బూట్లు విప్పి, తూర్పు దిక్కుకు తిరిగి, ఎల్లమ్మకు మొక్కుకున్నాడు. ఆమె మంచిగా బయటికొస్తే నల్ల యాటను ఇస్తానని. యాట అంటే వాళ్ల మాటలో దేవతకిచ్చే మేకపోతో పొట్టేలో. ఆమె మంచిగానే బయటికొచ్చింది. ఆ నెల జీతం పడగానే మేస్త్రి బహ్లా సంతలో ఒక నల్ల మేకపోతును కొని, నొసటికి పసుపు రాసి, ‘ఇది నీదే తల్లీ’ అని చెప్పుకున్నాడు. లీవుకు ఊరికి పోయే ముందు కోయించి అందరికీ పెట్టాలని, అందాకా తోటన్న దగ్గర కట్టేశాడు. తోటన్న దాని ఎడమ చెవికి వాళ్లింటి గుర్తుగా చిన్న గాటు కూడా పెట్టాడు.

నెలన్నర బాగానే గడిచింది. తర్వాత అది కట్టు తెంపుకుని కొత్త మొక్కలు కొరికేస్తోందని తోట యజమాని కేకలేశాడు. వారంలోగా తీసేయమన్నాడు. తీసేయడానికి దొరికిన చోటు కొండ వైపు లోయలో ఇంకో తోట. బుధవారం డ్యూటీ మధ్యలో డ్రైవరన్న, తోటన్న దాన్ని పికప్ వెనక ఎక్కించుకుని బయల్దేరారు. దారిలో, కొండ మొదట్లో, ఒక టీ కొట్టు దగ్గర ఆగారు. డ్రైవరన్న టీ తాగుతున్నాడు. తోటన్న డబ్బులిస్తున్నాడు. మేకపోతు మెడలో తాడు వదులైంది. అది దూకింది. ఇద్దరూ రాళ్ల మీద కొంత దూరం పరుగెత్తారు. అది పైకి వెళ్లి, ఒకసారి వెనక్కి చూసి, మలుపు తిరిగిందట.

“నిలవడి సూసింది తమ్మీ,” అన్నాడు డ్రైవరన్న. “నీ అయ్య, ఇగ రాపో అన్నట్టు సూసింది.”

నాకు అర్థం కానిది ఒకటుంది. పోతే పోయింది, ఇంకోటి కొనుక్కోవచ్చు కదండీ అన్నాను. ముగ్గురూ నావైపు చూశారు.

“ఇంకోటి కొంటే అది ఇంకోటే అయితది,” అన్నాడు మేస్త్రి. “పసుపు వెట్టింది దీనికి. మాటిచ్చింది దీన్ని సూపెట్టి.”

“ఆళ్ల దిక్కు రొయ్యలకు మొక్కుతరు గావచ్చు,” అన్నాడు డ్రైవరన్న. “ఒకటి జారితే చెరువుల శాన ఉంటయి.”

మేస్త్రి నవ్వలేదు. ముందు రాత్రే భార్యకు ఫోన్‌లో జరిగింది చెప్పాడు. చెప్పకుండా ఉండాల్సిందని డ్రైవరన్న అన్నాడు గాని, ఆయన దాచే మనిషి కాదు. ఆమె, “మొక్కు తీర్చకుంట ఇంటికి రాకు. కుట్లు మల్ల పగుల్తయేమో అని నాకు బుగులైతుంది,” అందట. కుట్లు మానిపోయి రెండు నెలలైంది. ఆ సంగతి ఆమెకూ తెలుసు, ఆయనకూ తెలుసు. ఆయన టికెట్ నాలుగో శుక్రవారం తర్వాత వచ్చే ఆదివారానికి ఉంది.

*

తెలియని నేలను ముందు గళ్లుగా కోసుకోవడం నాకు అలవాటు. గురువారం రాత్రే ఉపగ్రహ చిత్రం మీద ఎత్తు గీతలు గీసుకుని, టీ కొట్టు వెనక కొండను ఆరు భాగాలు చేశాను. నీళ్లు నిలిచే గుంటల్లాంటి మచ్చలకు నీలం చుక్కలు, చెట్లున్న చోట పచ్చ చుక్కలు, మనిషి ఎక్కలేని నిలువు గోడలకు ఎర్ర గీత. తోటన్నను పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కొక్కటే అడిగాను.

“ఎక్కడ పడుకుంటుందండీ?”

“మేక రాత్రికి ఎత్తుకు పోతది. కింద నక్క భయం.”

“నీళ్లు?”

“రెండు దినాలకోసారన్న తాగాలె.”

“గాలి?”

“గాలికి ఎదురుగ మేస్తది. మనం దాని ఎన్కకెల్లి పోవాలె, మన వాసన దానికి తగలొద్దు.”

“నీ వాసనకు మేకేంది, పులి గూడ ఉరుకుతది,” అన్నాడు డ్రైవరన్న.

“ఎంత దూరం పోగలదు?” అన్నాను.

తోటన్న తల అడ్డంగా ఊపాడు. “గదే చెప్పలేం. మేకెన్క మనిషి ఉంటెనే మేక మంద. మనిషి లేకుంటె అది తప్పిపోయినట్టే లెక్క. ఆగది. పోతనే ఉంటది. మనం ఎంత జల్ది పోతే అంత మంచిది.”

ఈ మాట మీద ఎవరికీ అనుమానం రాలేదు. మా ఊళ్లో నేను చూసిన మేకల వెనకా కర్ర పట్టుకున్న మనిషి ఎప్పుడూ ఉండేవాడు. ప్రణాళిక అంతా ఆ మాట మీదే కట్టాం. మేకపోతు ఒంటరిది, రోజురోజుకీ దూరమవుతుంది, కాబట్టి కింది గళ్ల మీద సమయం వృథా చేయకుండా పైనుంచి మొదలుపెట్టాలి. తెల్లవారకముందే కొండ మొదట్లో ఉండాలి. మధ్యాహ్నం మూడింటికల్లా కిందికి దిగిపోవాలి, ఎందుకంటే డ్రైవరన్న సాయంత్రానికి పికప్‌ను క్యాంపులో అప్పజెప్పాలి. దొరికితే కాళ్లు కట్టి గోనెలో దించి, ఇద్దరు మార్చి మార్చి మెడ మీద మోయాలి. దాని బరువు నేను ముప్పై కిలోలు వేసుకున్నాను. తోటన్న ఇరవై ఎనిమిదన్నాడు.

ఒక నియమం నేను పెట్టాను. కొండ మీద మబ్బు కనబడితే, కింద ఎండ కాస్తున్నా సరే, వాగు దారి వదిలేయాలి. ఇంకో నియమం డ్రైవరన్న పెట్టాడు. దారిలో ఎవరైనా అడిగితే మేక పోయిందని చెప్పకూడదు.

“ఎందుకండీ?”

“కంపెనీ బండిల మేకను తీస్కపోయినమని చెప్తవా? ఫోర్‌మన్ చెవుల వడితే నా పని ఖతం. సర్వే అని చెప్పు. నువ్వు సర్వేయర్‌వే గదా, అబద్ధం గూడ గాదు.”

అందుకే మెరుపు జాకెట్లు. దూరం నుంచి ఒకరికొకరం కనబడతామని నేను తెచ్చాను. సర్వే వాళ్లలా కూడా కనబడతామని డ్రైవరన్న సంతోషించాడు.

*

ఆ కొండ రాయి మా సైట్ బూట్లకు సరిపడలేదు. కాలి ముందు ఇనుప టోపీ ఉన్న బూట్లు అవి. కాలు మీద ఇటుక పడితే కాపాడతాయి. ఎక్కుడులో మాత్రం వేళ్లు ఆ టోపీలో చిక్కుకుని నలిగిపోతాయి. రాయి పలకలు పలకలుగా, అంచులు కత్తుల్లా. పట్టుకున్న చోటల్లా చేతికి గీత. మొదటి గంటలోనే మేస్త్రి జేబులోంచి పని చేతి తొడుగులు తీసి వేసుకున్నాడు. తర్వాత మేమందరం ఆయన తొడుగుల వైపు చూస్తూ ఎక్కాం.

పైన మొదటి గడిలో నీళ్ల గుంట అనుకున్న నీలం చుక్క ఒక నల్ల బండ నీడ. రెండోదాంట్లో నిజంగానే నీళ్లున్నాయి, చుట్టూ పెంటికలు. తోటన్న ఒకటి తీసి నలిపి చూసి, నిన్నటిది అన్నాడు. మేమందరం లేచి నిలబడ్డాం. ఆయన నోటితో ఒక శబ్దం చేశాడు, నాలుక అంగిలికి కొట్టి, చివర సన్నగా లాగే శబ్దం. ఊళ్లో మందను పిలిచే శబ్దమట. కొండ అవతలి గోడ దాన్ని తిరిగి మాకే పంపింది.

కాసేపటికి ఎదురు వాలులో మేకలు కనబడ్డాయి. పదిహేను దాకా ఉంటాయి, పొడుగు వెంట్రుకలవి, గోధుమ రంగువి, నల్లవి. రేగు చెట్ల కింద ముందు కాళ్లెత్తి నిలబడి కొరుకుతున్నాయి. ఆ దూరం నుంచి చెవులు తెలియలేదు. తోటన్న చేయి కళ్లకు అడ్డం పెట్టుకుని చాలాసేపు చూశాడు. మేకల కోసం కాదు, మనిషి కోసం.

“ఎవలూ లేరు,” అన్నాడు. “గిన్ని మేకలు, ఒక్కడు లేడు. ఎవలివో గాని, ఇవి గూడ తప్పిపోయినయే.”

“ఈ గుట్టల మేకలు వోగొట్టుకునుడు రివాజేమో,” అన్నాడు డ్రైవరన్న.

మేం వాటివైపు దిగేసరికి అవి నిలువు గోడ వెంట, మనిషి కాలు పట్టని అంచు మీద నడుచుకుంటూ వెళ్లిపోయాయి. నా బొమ్మలో అది ఎర్ర గీత. అక్కడికి ఆ రోజు అయిపోయింది. మూడింటికి దిగాం. టీ కొట్టు నడిపే మలయాళీ, మేమందరం మలబారీ అనేవాడు, నాలుగు టీలు పోసి, పైన ఏం పని అని హిందీలో అడిగాడు. సర్వే అన్నాడు డ్రైవరన్న. మలబారీ తల ఊపాడు. మేం బయల్దేరి వచ్చేశాం.

రెండో శుక్రవారం మబ్బు. నా నియమం ప్రకారం వాగు వదిలి గట్టు మీదుగా వెళ్లాలి, అది రెట్టింపు దూరం. సగంలో చినుకులు పడి పలకలు జారాయి. ఒక బండ కింద నలుగురం కూర్చుని అన్నం డబ్బాలు తెరిచాం. నా గోంగూర పచ్చడి డబ్బా మూత ఊడి సంచీలో తాళ్లకూ గోనెకూ అంటింది. మేస్త్రి ఆ గోనె విప్పి, వానలో పట్టి, ఓపికగా కడిగాడు.

“యాటకు గోంగూర వాసనైతది,” అన్నాడు డ్రైవరన్న. “కోసినంక పెట్టాల్సిన మసాలా ఈయన ముందే పెట్టిండు.”

మేస్త్రి అప్పుడు నవ్వాడు. ఆ నెలలో అదొక్కసారే చూశాను. తర్వాత కొండ కింద ఎక్కడో నీళ్లు కదిలిన చప్పుడు వినబడింది, రాళ్లు దొర్లుతున్న చప్పుడు. మేమెక్కాల్సిన వాగు అది. డబ్బాలు మూసుకున్నాం.

ఆ వారం మేస్త్రి డ్యూటీలో మందకొడిగా ఉన్నాడు. ఒక గోడ వరుస రెండుసార్లు విప్పి కట్టాడు. రూమ్‌లో అన్నం వండే వంతు ఆయనదైతే ఉప్పు మరిచిపోయాడు. రోజూ ఊరి నుంచి ఫోన్ వచ్చేది. “సూస్తున్నం,” అనేవాడు. “దొరుకుతది. ఈడనే ఉంటది. ఏడికి పోతది.” పెట్టేశాక ఫోన్‌ను దిండు కింద కాకుండా గోడ పక్కన, దూరంగా పెట్టేవాడు.

*

మూడో శుక్రవారానికి మాలో ఉత్సాహం అనేదేమీ మిగల్లేదు. ఆరు గళ్లలో నాలుగు చూసేశాం. నా కాలి బొటనవేళ్ల గోళ్లు రెండూ నల్లబడ్డాయి. తోటన్న తన తోటలో ఒక రోజు కూలి వదులుకుని వచ్చాడు. బయల్దేరేటప్పుడు డ్రైవరన్న జోకు కూడా వేయలేదు, స్టీరింగ్ మీద తల పెట్టి ఒక నిమిషం కళ్లు మూసుకుని, తర్వాత బండి తీశాడు.

అయిదో గడిలో పెంటికలున్నాయి, మేకలు లేవు. ఆరో గడికి దారి దొరకలేదు. తిరిగి దిగుతుంటే ఒక వదులు రాతి వాలులో మేస్త్రి కాలు కిందికి పోయింది. పడలేదు గాని మడమ తిరిగింది. బూటు విప్పితే మళ్లీ ఎక్కదేమోనని విప్పలేదు. ఒక పక్క తోటన్న, ఒక పక్క నేను. ప్రతి పది అడుగులకూ ఆగాం. మూడు దాటింది, నాలుగు దాటింది. డ్రైవరన్న గట్టు మీద సిగ్నల్ దొరికిన ఒక చోట నిలబడి ఫోర్‌మన్‌కు టైరు పంక్చర్ అని చెప్పాడు.

టీ కొట్టు దగ్గరికి చేరేసరికి ఎండ కొండ పైకంచుకు ఎక్కింది. మేస్త్రి బల్ల మీద కూర్చుని కాలు ఇంకో బల్ల మీద పెట్టాడు.

“అయిపోయిందిక,” అన్నాడు. “ఎల్లమ్మకు నా మీద కోపమున్నది. ఇంటికి పోను. టికెట్ మార్పిస్త.”

టీ వచ్చింది. అప్పుడు కొట్టు వెనక ఇళ్ల మధ్య బాటలో దుమ్ము లేచింది.

మేకలు. కొండ మీద నుంచి ఒకదాని వెనక ఒకటి దిగి వస్తున్నాయి. తోలేవాళ్లు ఎవరూ లేరు. ముందు నడిచే ముసలి మేక ఒక మలుపు దగ్గర ఆగి, వెనకవి వచ్చేదాకా చూసి, మళ్లీ నడిచింది. కొట్టుకు రెండు ఇళ్ల అవతల రాళ్లతో పేర్చిన దొడ్డి ఉంది. దాని తలుపు దగ్గర ఒక పెద్దావిడ, పూల శాలువా తల చుట్టూ చుట్టుకుని, రేకు డబ్బా పట్టుకుని నిలబడింది. డబ్బా ఊపితే లోపల ఖర్జూరం గింజలు గలగలమన్నాయి. ఒక్కొక్క మేకా లోపలికి పోతుంటే దాని వీపు తాకుతూ అరబ్బీలో లెక్కపెడుతోంది.

తోటన్న టీ గ్లాసు కింద పెట్టాడు. “ఎవలూ తోలుతలేరు,” అన్నాడు. “వాటంతటవే వస్తున్నయ్.”

మధ్యలో ఎక్కడో ఒక నల్లది. పొట్టి వెంట్రుకలు. ఎడమ చెవికి గాటు. మా దగ్గర ఉన్నప్పటికన్నా లావెక్కింది. అది మావైపు చూడనైనా చూడకుండా, పెద్దావిడ చేతి కింద నుంచి దొడ్డిలోకి దూరిపోయింది.

“ఇరవై మూడు,” అని పెద్దావిడ ముగించింది. ఆపాటి అరబ్బీ అంకెలు సైట్‌లో మాకందరికీ వచ్చు.

మేస్త్రి లేచాడు. మడమ సంగతి మరిచి లేచి, మళ్లీ కూర్చుండిపోయాడు.

మలబారీ మా ముఖాలు చూసి దగ్గరికొచ్చాడు. ఇక్కడ మేకలన్నీ ఇంతే, పొద్దున వాటంతటవే కొండకు పోతాయి, సాయంత్రం వాటంతటవే ఇంటికొస్తాయి అని హిందీలో చెప్పాడు. ఆ నల్లది బుధవారం పోయి అదే రోజు సాయంత్రం మందతో కలిసి దిగిందట. ఎవరో వస్తారని పెద్దావిడ చూస్తోందట.

“మాకెందుకు చెప్పలేదు?” అన్నాడు డ్రైవరన్న.

“నువ్వు సర్వే అన్నావు కదా,” అన్నాడు మలబారీ. “బుధవారం కొట్టులో ఉన్నది మా పనివాడు, మేకను తెచ్చింది నువ్వేనని నాకెలా తెలుస్తుంది? ఇక్కడ రోజుకు ఎన్ని బళ్లు ఆగుతాయి. జాకెట్లేసుకుని కొండెక్కారు. టవర్ కంపెనీ వాళ్లనుకున్నా.”

మూడు శుక్రవారాలు మేం తెల్లవారకముందు వచ్చాం, మేకలు దొడ్డిలోనే ఉన్నప్పుడు. మొదటి రెండుసార్లూ మధ్యాహ్నం మూడింటికే పోయాం, మేకలు కొండ మీదే ఉన్నప్పుడు. నా ఆరు గళ్లలో దొడ్డి లేదు. అది మేం బండి ఆపే చోటికి రాయి విసిరితే పడేంత దూరంలో ఉంది.

తోటన్న అదే మాట మెల్లగా మళ్లీ మళ్లీ అంటున్నాడు. “మా నాయిన ఎనభై ఏండ్లు బతికిండు. ఇసొంటి మేకలను సూడలే.”

*

దొడ్డి దగ్గరికి వెళ్లి సలాం చెప్పాం. మలబారీ అరబ్బీలోకి మార్చి చెబుతుంటే పెద్దావిడ విన్నది. చెవి గాటు తోటన్న చూపించాడు. ఆమె ఇంటి గాటు కుడి చెవికి, వేరే రకం. వాదమేమీ రాలేదు. మేపినందుకు డబ్బులు తీసుకోమంటే, చేయి అడ్డంగా ఊపింది. తర్వాత నన్నే చూసి ఏదో అడిగింది.

“టవర్ ఎప్పుడు పెడతారంటోంది,” అన్నాడు మలబారీ. “ఇంట్లో సిగ్నల్ రావడం లేదట. మూడు వారాల నుంచి మిమ్మల్ని చూసి సంతోషపడుతోంది.”

టవర్ కాదని చెప్పించాను. ఆమె కొండ వైపు చూసి, డబ్బా తలుపు పక్కన పెట్టేసింది.

మేకపోతును బయటికి తెచ్చి తాడు కట్టాం. డ్రైవరన్న తొందరపడ్డాడు, పంక్చర్‌కు ఇంత సేపు పట్టదని. మేస్త్రి మాత్రం కదల్లేదు.

“ఇంత అయినంక అడగకుంట తీస్కపోను,” అన్నాడు.

అడగడం అంటే ఒక పద్ధతి. మొక్కిన యాట మీద నీళ్లు చల్లుతారు. అది ఒళ్లు దులిపితే దేవత ఒప్పుకున్నట్టు. దులపకపోతే ఒప్పుకోనట్టు, అప్పుడు కోయకూడదు. మామూలుగా కోసే ముందు చేస్తారు. మేస్త్రి అక్కడే, దొడ్డి బయట, సీసాలో మిగిలిన నీళ్లు చేతిలో పోసుకుని దాని తల నుంచి తోక దాకా చల్లాడు.

అది నిలబడింది. నీళ్లు వీపు మీద నుంచి జారి కింద పడ్డాయి. చెవి కూడా కదపలేదు.

మళ్లీ చల్లాడు. అది దొడ్డి వైపు చూసింది.

“గుట్ట నీళ్లకు అలవాటైంది,” అన్నాడు డ్రైవరన్న, మెల్లగా, జోకులా కాకుండా.

తోటన్న అతని భుజం మీద చేయి వేసి ఆపాడు. మేస్త్రి ఒంటి కాలి మీద బరువేసి వంగి, మేకపోతు నొసటి మీద, ఎప్పుడో పసుపు రాసిన చోట, చేయి పెట్టాడు.

“తల్లీ,” అన్నాడు. “తప్పైతే తప్పే. ఎక్కినం, దిగినం. మల్ల ఎక్కమంటే ఎక్కుత గాని, ఆమె పండుకుంటలేదు. ఆమెను పండుకోనియ్యి.”

మూడోసారి చల్లబోతే సీసాలో నీళ్లు అయిపోయాయి. పెద్దావిడ ఇదంతా చూస్తోంది. మేకను ఎందుకు తడుపుతున్నారో ఆమెకు తెలియదు, మేం చెప్పనూ లేదు. ఆమె లోపలికి వెళ్లి ఒక చెంబుతో నీళ్లు తెచ్చి మేస్త్రి చేతికిచ్చింది. ఆయన తీసుకుని, చల్లాడు.

మేకపోతు ముందు తల విదిల్చింది. తర్వాత మెడ, భుజాలు, నడుము, తోక. ఒళ్లంతా ఒక్క ఊపున దులిపింది. నీళ్లు మా ప్యాంట్ల మీద పడ్డాయి, ఆమె శాలువా మీద పడ్డాయి.

“తల్లి ఒప్పుకున్నది,” అన్నాడు తోటన్న.

మేస్త్రి చెంబు తిరిగి ఇచ్చేశాడు. చేతులు తుడుచుకోవడానికి ఏమీ దొరక్క మెరుపు జాకెట్‌కే తుడుచుకున్నాడు.

వెళ్లబోతూ ఆయన దొడ్డి గోడ చూశాడు. ఒక మూల రాళ్లు కూలి ఉన్నాయి, ఆ సందుకు పాత తలుపు అడ్డం పెట్టారు. ఆయన రాళ్లను చేత్తో తడిమి, నావైపు తిరిగాడు. “వచ్చే శుక్రారం వచ్చి కట్టిస్త అని చెప్పించు. పైసలు తీసుకోనంటుంది గదా.”

మలబారీ చెప్పాడు. ఆమె మేస్త్రి కాలు వైపు చూసి ఏదో అంది. కాలు బాగైతేనే రమ్మందట.

*

శనివారం పొద్దున మునిసిపాలిటీ కబేళాలో వరుసలో నిలబడి కోయించాం. అక్కడి కసాయి బంగ్లాదేశ్ మనిషి. ఊళ్లో కూడా యాటను కోసేది ముల్లానే, అందులో తేడా ఏమీ లేదన్నాడు మేస్త్రి. రూమ్ బయట కొత్త ప్లైవుడ్ పలక కడిగి, దాని మీద మాంసం పోగులు పెట్టారు. తలా ఒక పోగు, మా రూమ్ వాళ్లకూ పక్క రూమ్ వాళ్లకూ. సమంగా ఉన్నాయా లేదా అని చూడమని నన్ను నిలబెట్టారు.

“సర్వే చెయ్యి,” అన్నాడు డ్రైవరన్న. “ఇప్పుడు నీకు మేక దొరికింది.”

మేస్త్రి వీడియోలో పోగులన్నీ భార్యకు చూపించాడు. ఆమె ముఖం తెర మీద కొంచెమే కనబడింది. “తల ఎవలికి వెట్టిండ్రు?” అని అడిగింది. తోటన్నకని మేస్త్రి చెప్పాడు. “మంచిగున్నది,” అంది. “ఇగ రా.” ఆ రోజు ఆయన మంచం మీద పడి, పగలే, బూట్లతోనే నిద్రపోయాడు. ఫోన్ దిండు కిందే ఉంది.

నాలుగో శుక్రవారం నలుగురం మళ్లీ వెళ్లాం. మెరుపు జాకెట్లు వేసుకోలేదు. మేస్త్రి కుంటుతూనే గోడ కట్టాడు, మేం రాళ్లు అందించాం. సిమెంటు లేకుండా, రాయి మీద రాయి, ఆ ఊరి వాళ్లు కట్టే తీరులోనే కట్టాడు. ప్రతి రాయినీ రెండు మూడు వైపులా తిప్పి చూసి పెట్టాడు. పెద్దావిడ మధ్యలో ఖర్జూరాలూ చేదు కాఫీ పంపించింది. పని మధ్యాహ్నానికే అయిపోయింది. తోటన్న సాయంత్రం దాకా ఉందామన్నాడు. ఆ రోజు పికప్ అప్పజెప్పాల్సిన పని లేదు. టీ కొట్టు బల్లల మీద పడుకుని, లేచి, టీ తాగి, మళ్లీ పడుకున్నాం.

ఎండ కొండ పైకి ఎక్కాక దుమ్ము లేచింది. ముందు ముసలి మేక, దాని వెనక మిగతావి. తోటన్న లేచి నిలబడి చూశాడు, మొదటిసారి చూస్తున్నట్టే. పెద్దావిడ డబ్బా ఊపుతూ, ఒక్కొక్కదాని వీపు తాకుతూ లెక్కపెట్టింది.

ఇరవై రెండు.